మా స్లాబు వేడికి బిల్లు కట్టేది మేము, రూలేమో 600 గజాల వాళ్లకి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే చాలు పేపర్ల నిండా కరెంటు ఆదా చిట్కాలే, మీ పేపర్లో కూడా, ఏసీ 24లో పెట్టుకోండి, ఫ్రిజ్ గోడకి ఆనించకండి, గదిలోంచి బయటికొచ్చేటప్పుడు లైటు ఆర్పండి అని. తప్పనట్లేదండి. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్రం ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్లే చెప్తారు, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 సెట్టింగ్‌తోనే రావాలని రూల్ కూడా పెట్టారు. కానీ ఈ చిట్కాలన్నీ ఇంట్లో ఉండేవాళ్లకే గానీ ఇల్లు కట్టినవాళ్లకి, కిరాయికి ఇచ్చేవాళ్లకి ఒక్కటీ ఉండదెందుకో నాకు అర్థం కాదు.

మేం నిజాంపేటలో ఐదో అంతస్తులో కిరాయికి ఉంటాం, మా పైన ఇంక బోసి స్లాబే. పొద్దంతా పీల్చుకున్న వేడిని ఆ స్లాబు రాత్రికి లోపలికి వదలడం మొదలుపెడుతుంది, పదకొండింటికి కూడా బెడ్రూమ్ పడమటి గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసి తెచ్చిన చొక్కాలాగ వెచ్చగా తగులుతుంది. ఫ్యాన్ వేస్తే పైన ఉన్న ఆ వేడిగాలే కిందికి వస్తుంది, ఇంక ఏసీ వేయక చస్తామా. మూడో అంతస్తులో ఇదే ప్లాను, అదే ఒకటిన్నర టన్ను ఏసీ, వాళ్లూ నలుగురే, అయినా మే నెల బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతిసారీ మాదే ఎక్కువ. సార్, పైన కూల్ రూఫ్ పెయింట్, అదే ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింట్, వేయించండి అని ఓనర్ని అడిగితే, రెండు నెలల ఎండ కోసం అంత ఖర్చెందుకండీ, సర్దుకోండి అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు, బిల్లు ఆయనకి రాదు కదా! కట్టిన బిల్డరు ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయాడు, ఆయనకీ రాదు. గోడ ఎంత మందం ఉండాలి, కిటికీ ఎటు పెట్టాలి, సజ్జ ఎంత ముందుకి రావాలి అన్నదాంట్లో ఏ మాటా లేనోడికే నెలనెలా బిల్లొస్తుంది.

ఇలాంటి చోటనే సర్కారు రూల్ పనికొస్తుంది, నిజం చెప్పాలంటే మనకి రూల్ ఉంది కూడా. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు, 2028 కల్లా రాష్ట్రమంతా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లగా చేస్తామని, అందులో 200 హైదరాబాద్‌లోనే అని. సర్కారీ బిల్డింగులకి, కమర్షియల్ బిల్డింగులకి ఎంత చిన్నదైనా తప్పనిసరి, చేయకపోతే ఓసీ, అంటే బిల్డింగ్ వాడుకోవచ్చని ఇచ్చే సర్టిఫికెట్, ఇవ్వరు. బాగుంది. మరి ఇళ్లకి? 600 గజాలు, ఆ పైన ఉన్న ప్లాట్లకే తప్పనిసరి, దాని కంటే తక్కువైతే మీ ఇష్టం అన్నారు. అయ్యా, మా కాలనీలో 600 గజాల ప్లాటు ఎక్కడుంది? అంతా 200, 250, 300 గజాల్లో స్టిల్ట్ మీద ఐదంతస్తులు లేపినవే. 600 గజాలున్నాయన పెయింట్ వేయించుకోగలడు, చెట్లూ పెట్టుకోగలడు, ఆయన ఇల్లు ఎలాగూ కొంచెం చల్లగానే ఉంటుంది. రూల్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే వదిలేశారు. పైగా ఓసీ దగ్గర పట్టుకుంటాం అంటే అది కొత్త బిల్డింగుల మాట, ఇప్పటికే లేచిన లక్షల స్లాబుల సంగతేంటి?

ఖర్చు మరీ అంత కూడా కాదు. పాలసీ తెచ్చినప్పుడు అప్పటి మంత్రి కేటీఆర్ చదరపు మీటరుకి 300 రూపాయల దాకా అవుతుందని చెప్పారు. ఆ లెక్కన 200 చదరపు మీటర్ల టెర్రస్‌కి 60 వేలు, పది ఫ్లాట్లు పంచుకుంటే తలా ఆరు వేలు. కానీ మీటింగ్ పెడితే మొదటి అంతస్తాయన నాకేం లాభం అంటాడు, ఆయనదీ న్యాయమే, ఆయన పైన స్లాబు లేదు ఇంకో ఇల్లుంది. లిఫ్ట్ రిపేరుకే డబ్బులు వసూలు కాని అసోసియేషన్లు ఇవి. 2017లో ఒక బస్తీలో 25 ఇళ్ల మీద తెల్ల షీట్ పరిచి చూశారు, ట్రిపుల్ ఐటీ వాళ్లు, ఆస్కి అనే శిక్షణ సంస్థ వాళ్లు జీహెచ్ఎంసీతో కలిసి, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని ఇంట్లో 2 డిగ్రీలంటే పిల్లలు నిద్రపోవడానికీ నిద్రపోకపోవడానికీ ఉన్నంత తేడా. ఇంకోటి, తెల్ల పెయింట్ మీద మన హైదరాబాద్ దుమ్ము పడితే గుణం తగ్గిపోతుంది, ఏడాదికోసారైనా కడగాలి, ఈ మాట ఎవరూ చెప్పరు, వేసి ఫొటో దిగి వెళ్లిపోతారు.

ఇంక కమర్షియల్ బిల్డింగుల గురించి. ఈసీబీసీ అని బిల్డింగుల్లో కరెంటు ఆదాకి ఒక కోడ్ ఉంది, కేంద్రం 2007లో తెచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలోనే 2014 జనవరిలో దాన్ని తప్పనిసరి చేస్తూ జీవో ఇచ్చారు, వెయ్యి చదరపు మీటర్ల ప్లాటు గానీ రెండు వేల చదరపు మీటర్ల కట్టుబడి గానీ ఉంటే పాటించాలి. 2017లో మార్చిన కోడ్‌లో, అది చెప్పిన కొలతల ప్రకారమే కడితే గోడలో 40 శాతానికి మించి అద్దం ఉండకూడదని కూడా ఉంది. ఇప్పుడు గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఒకసారి చూడండి, నేల నుంచి నెత్తి దాకా అద్దాలే. మంచి రకం అద్దం వాడి, మిగతా చోట ఆదా చూపించి అనుమతి తెచ్చుకునే దారి కూడా కోడ్‌లో ఉంది కాబట్టి అన్నీ తప్పు కట్టినవని నేననను. నేనడిగేది ఒక్కటే, కాగితం మీద ఇంత ఆదా అని చూపించాక, జనం నిండి ఏసీలు తిరగడం మొదలయ్యాక, మీటర్ అంతే చూపిస్తోందా అని ఎవరైనా వెళ్లి చూశారా? 2004లో దేశంలోనే మొదటి ప్లాటినం రేటింగ్ గ్రీన్ బిల్డింగ్ కట్టింది మన హైదరాబాద్‌లోనే, సీఐఐ గోద్రెజ్ సెంటర్, అబ్దుల్ కలాం గారు వచ్చి ప్రారంభించారు. తెలివి లేక కాదన్నమాట.

న్యూయార్క్‌లో పెద్ద బిల్డింగులు ప్రతి ఏడాది ఎంత కరెంటు, గ్యాస్ కాల్చాయో సిటీకి చెప్పాలి, దాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్ ఇస్తారు, 2020 నుంచి ఆ కాగితం బిల్డింగ్ గుమ్మం దగ్గర అతికించాలి. ఇది మనకెందుకు కుదరదు? కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ దగ్గర ప్రతి మీటర్‌కి నెలనెలా రీడింగ్ ఉంది, కార్పొరేషన్ దగ్గర ప్రతి బిల్డింగ్‌కి ఆస్తి పన్ను కోసం కొలతలు ఉన్నాయి, ఈ రెండూ కలిపితే చదరపు అడుగుకి ఎన్ని యూనిట్లో తేలిపోతుంది. మొదట మాల్స్, ఆఫీసులతో మొదలుపెట్టండి. తలుపులు బార్లా తీసి ఫుట్‌పాత్‌కి ఏసీ వేసే అమీర్‌పేట షోరూములకి కూడా గుమ్మం మీద డీ పడితే కొంచెం సిగ్గేస్తుందేమో, వేయకపోతే ఆస్తి పన్నులో వేయండి.

ఇళ్లకి ఎకో నివాస్ సంహిత అని 2018లోనే ఇలాంటి కోడ్ వచ్చింది, 2022 డిసెంబర్‌లో ఇంధన పొదుపు చట్టం మార్చి 100 కిలోవాట్ల లోడు దాటిన నివాస భవనాలని కూడా లోపలికి తెచ్చారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకి సరే, మా పది ఫ్లాట్ల బిల్డింగ్ అందులోకి రాదు, మళ్లీ మేమే బయట.

మాలాంటి వాళ్లకి తొందరగా అయ్యే పని ఇంకోటుంది, ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ అయితే 28, 30. రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, మూడు ఫ్యాన్లకి 60. సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ గీత దగ్గర ఉన్న ఇంటికి 60 యూనిట్లంటే మాటలు కాదు, సర్కారుకీ కరెంటు మిగులుతుంది. కానీ మూడు వేలు పెట్టి ఒక్కో ఫ్యాన్ ఎవరు కొంటారు, అదీ కిరాయి ఇంట్లో? ఎల్ఈడీ బల్బులకి చేసినట్టే చేయాలి, 2014లో టోకున 310 రూపాయలకి కొన్న బల్బు మూడేళ్లలోపే 38కి దిగింది, ఎందుకంటే సర్కారు కోట్ల లెక్కన ఒకేసారి కొంది. ఫ్యాన్లూ అలాగే కొని, డబ్బులు కరెంటు బిల్లులో నెలకింత అని వసూలు చేసుకోవచ్చు.

మా వీధిలో టు లెట్ బోర్డుల మీద బ్యాచిలర్లకి ఇవ్వబడదు, నాన్ వెజ్ వండరాదు, బోరు నీళ్లు, మంజీరా నీళ్లు, బైక్ పార్కింగ్, అన్నీ రాస్తారు. గత మే నెల కరెంటు బిల్లు కూడా రాయాలని, కిరాయి అగ్రిమెంట్‌కి ఏడాది బిల్లులు జత చేయాలని కార్పొరేషన్ ఒక్క రూల్ పెట్టి చూడాలి, పై అంతస్తుకి కిరాయి తగ్గుతుందంటే ఓనర్లే పెయింట్ డబ్బా పట్టుకుని మెట్లెక్కుతారు. కూల్ రూఫ్ గీతని 600 గజాల నుంచి 150కి దించాలి, పాత బిల్డింగులకి వేయించుకుంటే ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలి, పుణెలో సోలార్‌కి, వాన నీటి గుంతలకి అలాంటిది ఇస్తూనే ఉన్నారు. ఇప్పటి దాకా ఏ వార్డులో ఎన్ని చదరపు మీటర్ల కూల్ రూఫ్ వేశారో కూడా వెబ్‌సైట్‌లో పెట్టమని అధికారులని మీ పేపర్ తరఫున అడగండి.

ఇట్లు,
ఒక కిరాయిదారు,
నిజాంపేట, హైదరాబాద్