నాయినకు, అమెరికాలోని డేటన్ నుంచి

నాయినా,

అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? మాత్రలు అయిపోకముందే తెప్పించు. నా పని బాగానే ఉంది, టెన్షన్ పడకండి.

మొన్న ఫోన్‌లో "అక్కడ గూడ రైతు ఏం వెయ్యాల్నో సర్కారే చెప్తదా?" అన్నావు కదా. నాకు 2021 యాసంగి గుర్తొచ్చింది. ఉప్పుడు బియ్యం కేంద్రం తీసుకోనంటే, వరి వెయ్యొద్దని రాష్ట్రం చెప్పిన రోజులు. నువ్వు బోరు దగ్గర నిలబడి, "నేను వడ్లు అమ్మనే అమ్మ. గుమ్మిల పోసుకుంట, బర్రెకు గడ్డయితది. ఎవరికేం నష్టం?" అన్నావు.

అదే వాదనతో మా డేటన్ దగ్గరి రైతు ఒకాయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. పేరు రోస్కో ఫిల్‌బర్న్. పాడి, కోళ్లు ఉండేవి. గోధుమ ధర పడిపోకుండా ఎవరెంత వేయాలో 1938 చట్టంతో కోటాలు పెట్టారు. ఆయనకు 11.1 ఎకరాలు రాస్తే 23 వేశాడు. 239 బుషెళ్లు ఎక్కువ పండాయి, మన లెక్కలో 65 క్వింటాళ్లు. జరిమానా 117 డాలర్లు. నా కోళ్లకు, నా ఇంటికి వాడుకునేది వ్యాపారం ఎట్లవుతుందన్నాడు.

రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద అధికారం కాంగ్రెస్‌ది అని ఇక్కడి రాజ్యాంగంలో ఉంది. కాంగ్రెస్ అంటే పార్టీ కాదు నాయినా, వీళ్ల పార్లమెంటు. ఇంట్లో పండింది తినేవాడు బజార్లో కొనడు, ఒక్కడిది చిన్నదే, అందరూ అట్లే చేస్తే దేశమంతా ధర కదులుతుంది అని 1942లో జడ్జీలంతా ఒక్కమాట మీద ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. 1995లో మాత్రం బడి దగ్గర తుపాకి పట్టుకు తిరగడం వ్యాపారం కిందికి రాదని ఆ అధికారానికి హద్దు గీశారు.

లెక్క అర్థమైంది గానీ నాకు మింగుడు పడలేదు. మన దగ్గర వడ్లు కొనబోమని మాత్రమే అన్నారు, దానికే నీకు నిద్ర లేదు. తినే గింజకు జరిమానా వేస్తే ఏమైపోయేవాడివో.

మన దగ్గర రాష్ట్రాల మధ్య వ్యాపారం పార్లమెంటుది, రాష్ట్రం లోపలిది రాష్ట్రానిది. తిండిగింజల మీద మాత్రం ఇద్దరికీ చెయ్యి ఉంది. 2020లో కేంద్రం తెచ్చి మరుసటి ఏడు వెనక్కి తీసుకున్న సాగు చట్టాలకు అదే ఆధారం చూపారు.

దసరాకు రాలేను. కోపం చేయకు, సెలవు దొరకలేదు, టికెట్టు సంగతి కాదు. చెల్లె బతుకమ్మకు వస్తోందా?

ఈసారి తిండికి సన్నాలే ఉంచు. దొడ్డన్నం అమ్మకు అరగదు, తనకై తాను చెప్పదు.

నీ కొడుకు