సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు చెప్పాల్సిన పని లేదు. నెలనెలా సమావేశాలు, వరంగల్ కోటలో శాసనాల దగ్గర చెత్త ఏరివేత, బడిపిల్లలకు ఖుష్ మహల్, తోరణాల పరిచయం ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడు గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం హన్మకొండలో మనం జరిపిన ఓడరేవుల చర్చాసభ గురించి.

సముద్రం లేని ఊరోళ్లకు రేవు ముచ్చట ఎందుకని కొందరు అడిగారు. ఓరుగల్లు గద్దె మీద కూర్చున్న గణపతిదేవుడే 1244-45లో ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు కదా! తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును మునుపటి రాజులు బలవంతంగా గుంజుకునేవారు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించిన వర్తకుల దగ్గర తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ఆ సుంకం ముప్ఫైకి ఒక వంతు. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, మిరియాలు, ఏ సరుకుకు ఎంతో అందులోనే ఉంది. ఆ తర్వాత కొన్నేళ్లకు మార్కోపోలో ఆ తీరాన్నీ, ఇక్కడి వజ్రాలనూ, సాలెగూడంత సన్నని బట్టలనూ మెచ్చుకుంటూ రాశాడు. శాసనం పాఠాన్ని తేట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సభలో నిలబెట్టిన మన యువ సభ్యులకు ప్రత్యేక ధన్యవాదాలు. కొత్తవాడ నుంచి వచ్చిన నేత పెద్దమనుషులు దాని ముందు చాలాసేపు నిలబడి ఒక్కో పంక్తీ చదివించుకున్నారు.

మధ్యాహ్నం నుంచి బందరు, అంటే మచిలీపట్నం రేవు మీద వాదన మొదలైంది. గోల్కొండ కాలంలో అంత వెలిగిన రేవు ఎందుకు వెనకబడింది? విశ్రాంత ఇంజనీరు ఒకరు బోర్డు మీద గీసి చూపించారు. అక్కడ తీరం లోతు తక్కువ, పైగా కృష్ణ తెచ్చే ఒండ్రు. పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరాలి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. అంత దెబ్బ తిన్న ఊరు మళ్లీ తేరుకోవడం మాటలా? సరైన కాలంలో అలలకు అడ్డుగోడలు కట్టి, పూడిక తీసి, ఓడ నేరుగా ఆనుకునే బెర్తులు వేసి ఉంటే బందరు బతికేదని ఆయన వాదం. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ అండగా ఉన్నా, అక్కడ కూడా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశాకే 1933లో రేవు తెరిచారని గుర్తుచేశారు.

ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన పత్తి వ్యాపారి దీనికి ఒప్పుకోలేదు. కట్టడం ఒక్కటే చాలదు, సరుకు రేవుదాకా పోయే తోవ ముందు కావాలన్నారు. మన వరంగల్ మీదుగా రైలు 1889కే బెజవాడ చేరింది. బెజవాడ నుంచి బందరుకు లైను పడింది మాత్రం 1908లో. అప్పటికే సరుకు మద్రాసు, బొంబాయి తోవలకు అలవాటు పడిందని ఆయన మాట. 1802లో ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందంతో నిజాంకు బందరు రేవు వాడుకునే హక్కు దక్కింది, కానీ హక్కు కాగితం మీద ఉంటే రైతుకు ఒరిగేదేమిటని అడిగేసరికి హాలంతా చప్పట్లు.

నా మట్టుకు నాకు ఆయన మాటే సరి అనిపించింది. 2023లో బందరులో కొత్త రేవు పనులు మొదలైన సంగతి మీకు తెలుసు. తెలంగాణ నుంచి దానికి డ్రై పోర్టు (సముద్రం లేని చోటే రేవు సరుకు ఎక్కించి దించే కేంద్రం), రైలు, రోడ్డు కావాలన్న మాట సర్కారు స్థాయిలోనే నడుస్తోంది. ఆ మాటలో మన జిల్లా పేరు వినపడాలి. గీసుకొండ, సంగెం మండలాల్లో టెక్స్‌టైల్ పార్కు ఉంది, ఎనుమాములలో పత్తి, మిర్చి ఉన్నాయి, కాజీపేట జంక్షన్ ఉంది. 1851లోనే లండన్ ప్రదర్శనకు తివాచీలు పంపిన ఊరు మనది. సరుకు ఎక్కే చోటు హైదరాబాద్ పక్కనే ఉండాలని ఎందుకు అనుకోవాలి?

ఇంత మంచి సభకు రావాల్సిన వాళ్లు రాలేదన్న బాధ మాత్రం పోలేదు. ఆహ్వానాలు చేతికిచ్చి, తప్పకుండా వస్తామని మాట తీసుకున్న అధికారుల్లో ఒక్కరూ రాలేదు, ప్రతినిధినీ పంపలేదు. ముందుగా ఒప్పుకున్న హాలును చివరి ఘడియలో కాదన్నారు. కళాశాల ప్రిన్సిపాల్ గారు పెద్ద మనసుతో తమ సమావేశ మందిరం ఇవ్వకపోతే సభే లేదు. వారికి మనం రుణపడి ఉన్నాం. వాలంటీర్లుగా పేర్లిచ్చిన సభ్యుల్లో సగం మంది ఆ పొద్దు ఫోనైనా ఎత్తలేదు. కుర్చీలు మోసింది, భోజనాలు వడ్డించింది, చివరికి హాలు ఊడ్చింది మహిళా విభాగం సభ్యులూ, నలుగురైదుగురు విద్యార్థులూ. ఈ మాట నివేదికలో ఎక్కాలనే రాస్తున్నాను.

భోజనాల ఖర్చు భరించిన మిర్చి వర్తకులకు, మైకు ఉచితంగా పెట్టిన తమ్మునికి, ఫ్లెక్సీ వేయించిన మా ఉపాధ్యక్షులకు, వార్తలు రాసిన విలేకరులకు కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. జమాఖర్చుల పట్టీ కోశాధికారి దగ్గర ఉంది, చూడాలనుకునే వారు చూడవచ్చు. చందా బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టాలి.

రేవుకు పోయే సరుకు ఎక్కించే డ్రై పోర్టును వరంగల్–కాజీపేట పరిసరాల్లో పెట్టాలని, మోటుపల్లి శాసనం తెలుగు పాఠంతో కోటలో ఒక ఫలకం నిలపాలని సభ చేసిన రెండు తీర్మానాలను ఇవాళ మీ ముందు ఉంచుతున్నాను. ఆమోదించి, పోయే ముందు తలుపు దగ్గరి రిజిస్టరులో సంతకాలు చేయండి. వచ్చే వారం వాటిని కలెక్టరేటులో ఇచ్చి రావడానికి నాతో పాటు వచ్చేవాళ్లు పేర్లు కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి