చిన్నికి, బరంపురం నుంచి

చిన్నీ,

"మళ్ళీ దవడ లాగుతోందమ్మా, మెడ పట్టేసింది, మాత్ర వేసుకున్నా" అని నిన్న ఫోన్లో తేలిగ్గా అనేశావు. నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే నొప్పిని మాత్రలతో అణచిపెట్టకు తల్లీ. ఏ వేళకు, ఏం చేస్తుంటే వస్తోందో కనిపెట్టి రాసుకో.

పొద్దున లేవగానే దవడ బిగుసుకుని కణతలు లాగుతుంటే, నిద్రలో పళ్ళు కొరుకుతున్నావేమో. పరీక్షల రోజుల్లో నీకు ఆ అలవాటు ఉండేది, పక్కన పడుకున్న నాకు మెలకువ వచ్చేసేది. ఆఫీసు టెన్షన్‌లో పగలు కూడా తెలియకుండానే పళ్ళు బిగబడతాం. నోరు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు. రోజంతా బిగించి ఉంచితే చెవి ముందున్న దవడ కీలూ, దాని చుట్టూ ఉన్న కండరాలూ నొప్పెడతాయి. ఆవలించినప్పుడు దవడ పట్టేస్తోందా చూసుకో. నొప్పి లేకుండా టక్కుమనే చప్పుడొక్కటే అయితే భయపడక్కర్లేదు.

లాప్‌టాప్ మీదికి తల వంచి గంటల తరబడి కూర్చుంటే మెడ కండరాలు బిగుస్తాయి, ఆ నొప్పి దవడ దాకా పాకుతుంది. స్క్రీన్ కంటి ఎత్తుకు పెట్టుకో. జ్ఞానదంతం అడ్డంగా వస్తున్నా, పన్ను పుచ్చినా కూడా దవడ నొప్పే.

ఇంకొకటి. మన వైపు భోజనం కాగానే కిళ్ళీ ఇవ్వడం మర్యాద. మీ ఆఫీసులో వక్కపొడి పొట్లాలు తిరుగుతున్నాయన్నావు కదా, వాటి జోలికి పోకు. వక్క నమిలే అలవాటు ముదిరితే నోటి లోపలి పొర గట్టిపడి, కారం తగిలితే మండి, చివరికి నోరే తెరుచుకోదు. అది క్యాన్సర్‌గానూ మారొచ్చు.

మెట్లెక్కితే దవడ, మెడ లాగి, ఆగితే తగ్గుతుంటే గుండెను చూపించుకోవాలి. నీ వయసులో అరుదే, కానీ మీ అత్తగారికీ ఈ మాట చెప్పు. ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం తోడైతే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

నొప్పి ఉన్న రోజుల్లో జంతికలు, చెరకు కొరక్కు. నీళ్ళలో నానబెట్టిన పఖాళ అన్నమో, పెరుగన్నమో తిను. వేడి గుడ్డతో కాపడం పెట్టుకో. భువనేశ్వర్ నుంచి కటక్ దగ్గరే కదా, ఎస్.సి.బి. డెంటల్ కాలేజీలో చూపించుకో. పళ్ళు కొరుకుతున్నావని తేలితే రాత్రిపూట పళ్ళకు పెట్టుకోవడానికి నైట్ గార్డ్ అనే తొడుగు చేసిస్తారు. ఏ రోజు వెళ్తావో చెప్పు, పొద్దున బండెక్కి నేనూ వస్తాను.

అమ్మ