బరంపురం క్లినిక్‌లో మా అమ్మను చూసుకున్న అమ్మాయికి

మాది పర్లాకిమిడి. అమ్మ కింది దవడ పన్ను విరిగి, రూట్ కెనాల్ అయింది. నరం తీసేసిన దవడ పన్ను నమిలే ఒత్తిడికి పగిలిపోవచ్చు కాబట్టి క్యాప్ వేయించాలన్నారు. బరంపురం వెళ్లాం. బస్సు ఆలస్యమైంది. అమ్మ షుగర్ మాత్ర వేసుకుంది కానీ సరిగా తినలేదు.

మత్తు ఇచ్చి పన్ను చుట్టూ అరగదీశారు. అచ్చు తీసే ట్రే నోట్లో పెట్టగానే అమ్మకు వాంతి వచ్చేలా ఉంది. అక్కడి సహాయకురాలు కుర్చీ లేపి, అమ్మ తల కాస్త ముందుకు వంచి, "ముక్కుతో గాలి తీసుకోండి పిన్నీ, నేనున్నాను" అంటూ వీపు నిమిరింది. అచ్చు గట్టిపడేదాకా చెయ్యి తీయలేదు.

తాత్కాలిక క్యాప్ పెట్టాక బయట కూర్చుంటే అమ్మకు చెమటలు, చేతులు వణుకు. నాకు టెన్షన్. ఆ అమ్మాయి చూడగానే షుగర్ పడిపోయిందని పట్టేసింది. పంచదార నీళ్లు కలిపి తెచ్చి, మత్తు లేని వైపు నుంచి కొంచెం కొంచెంగా తాగించింది. తిమ్మిరెక్కిన పెదవి మీంచి నీళ్లు కారుతుంటే తన చేతిరుమాలుతోనే తుడిచింది. అమ్మ సిగ్గుపడింది. "మా అమ్మకైతే చెయ్యనా?" అంది. వణుకు తగ్గేదాకా పక్కనే నేల మీద కూర్చుంది. డ్యూటీ అయిపోయినా కదల్లేదు. ఇంత ఓపిక జీతానికి వచ్చేది కాదు.

అసలు క్యాప్ బిగించిన రోజు మీరు సెలవులో ఉన్నారు. అమ్మ ఇప్పుడు ఆ వైపే హాయిగా నములుతోంది తల్లీ. మీకోసం అరిసెలు వండుతానంటోంది. మీకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు.