ఈ ఏడు మా కొట్లో ఆవకాయ ఉండదు

మా పచ్చళ్ల కొట్టు మూసేశామనీ, అమ్మేశామనీ రాజమండ్రిలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటున్నారు. ఇరవై రెండేళ్లుగా మా పచ్చడి తింటున్న మీరు ఆ మాట నమ్మి ఉంటారంటే మనసు కలుక్కుమంటోంది. కొట్టు మూయలేదు. ఫిబ్రవరిలో మావారికి పక్షవాతం వచ్చింది.

ఎండుమిర్చి తూకం వేయిస్తుంటే మాట ముద్దయిపోయింది, కుడిచెయ్యి వాలిపోయింది. మెదడులో ఎడమవైపు పెద్ద రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందన్నారు. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైదాకా పంపి ఆ గడ్డను లాగేశారు.

"గడ్డ తీసేశారుగా, నెలలో లేచి తిరుగుతాడు" అన్నారంతా. నేనూ అదే అనుకున్నాను. గడ్డ తీస్తే రక్తం మళ్లీ అందుతుంది, కొట్టుమిట్టాడుతున్న భాగం బతుకుతుంది. అప్పటికే చచ్చిపోయిన కణాలు మాత్రం తిరిగి రావు. వాటి పని మిగతా మెదడు కొత్తగా నేర్చుకోవాలి. మొదటి మూడు నెలల్లో మార్పు బాగా కనిపిస్తుందట, ఆ తర్వాతా మెల్లగా వస్తుందట. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మనం అన్నది తెలుస్తోంది, తిరిగి మాటే రావడం లేదు. చిన్నప్పటి భజన పాట మాత్రం పదాలతో సహా పాడేస్తున్నారు!

ఆవకాయ సంగతి తేల్చుకోలేక పదిహేను రాత్రులు నిద్రపోలేదు. కలిపే చెయ్యి ఆయనది. "వంటవాణ్ణి పెట్టు, పేరుందిగా, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు మా అన్నయ్య. సీజన్ పోతే ఏడాది రాబడి పోయినట్టే, మందులకే బోలెడు కావాలి. సరేనందామనే అనుకున్నాను. అంతలో ఫిజియోథెరపీ అమ్మాయి, ఆయన రోజూ పట్టుకునే వస్తువేదైనా తెమ్మంది. ఉప్పు కొలిచే ఇత్తడి సోల తీసుకెళ్లాను. కుడిచేతి వేళ్లు మెల్లగా దాని చుట్టూ బిగుసుకున్నాయి. వదలమంటే తెరుచుకోలేదు. పట్టుకోవడం కంటే వదలడమే కష్టమట. ఎడంచేత్తో ఒక్కొక్క వేలే విడదీసుకుని, సోల నా చేతికిచ్చి, నా గుప్పిట మూసి గట్టిగా నొక్కారు. ఇంకెవరికీ ఇవ్వకన్నట్టే నాకు తోచింది.

వేరేవాళ్లు కలిపిన ఆవకాయకి మా చీటీ అంటించను. మొండిదాన్ననుకున్నా సరే.

అడ్వాన్సులు ఆదివారంలోగా తిరిగి ఇచ్చేస్తాను. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి మొదట్నుంచీ నా చేతివే, అవి దొరుకుతాయి. పొద్దున ఆయన వ్యాయామాలుంటాయి కాబట్టి కొట్టు పదకొండుకి తీస్తాను.

చూడటానికి వచ్చేవాళ్లు కుడిచెయ్యి పట్టుకుని లేపొద్దు, భుజం జారుతుంది. మాట కోసం తడుముకుంటుంటే మీరు అందించకండి. కాస్త ఆగండి. మొన్న నా పేరు అలాగే వచ్చింది.