మన చిన్న ఇంజన్ల మెకానిక్‌ల సంఘం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జనరేటర్లు, నీళ్ళ పంపులు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చైన్ రంపాలు బాగుచేస్తూ బెంగళూరులో బతుకుతున్న మన తెలుగువాళ్ళ సంఘానికి ఇంకో ఏడాది నిండింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. చేసిన పనిలో ముఖ్యమైనవి కార్యదర్శిగా నేను రాస్తున్నాను.

మనలో చాలామందిమి హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి హెల్పర్లుగా వచ్చి చేరినవాళ్ళం. ఇవాళ ఒక్కొక్కరి కింద నలుగురైదుగురు కుర్రాళ్ళు పని చేస్తున్నారు. స్పానర్ పట్టడం మనకు ఎవరో ఒక అన్న నేర్పాడు. నలుగురి చేత పని చేయించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ ఏడాది సంఘం ఎక్కువగా పట్టించుకున్నది ఆ సంగతే.

మే నెల వాన

2025 మే 18 రాత్రి కురిసిన వానను ఎవరమూ మర్చిపోలేదు. తెల్లారేసరికి సాయి లేఅవుట్‌లో ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి. మన షెడ్లకు ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగింది పంపే. ఆ 19వ తేదీనే బీటీఎం లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్ళు తోడబోయి ఇద్దరు కరెంట్ షాక్‌తో చనిపోయారు. వాళ్ళలో ఒకడు పిల్లవాడు. ఆ వార్త విన్నాక జనం కరెంటు మోటారు వద్దు, పెట్రోలుతో నడిచే పంపే పంపండి అన్నారు. వాళ్ళ భయంలో తప్పులేదు. అయితే పెట్రోల్ పంపుతో ఇంకో గండం ఉంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. గాలి ఆడని సెల్లార్‌లో ఇంజన్ నడిస్తే ముందు తలనొప్పి, ఆ తర్వాత కళ్ళు తిరగడం, ఆపైన బయటికి నడిచి రావాలన్న తెలివి కూడా మనిషికి ఉండదు.

ఇది పుస్తకంలో చదివి రాస్తున్న మాట కాదు. ఆ వారంలోనే మా షెడ్డు నుంచి ఒక కుర్రాణ్ణి పంపుతో పంపాను. గంట తర్వాత ఫోన్ చేస్తే వెనక ఇంజన్ చప్పుడు మామూలుగా లేదు, గదిలో మోగినట్టు గుయ్యిమంటోంది. "ఇంజన్ ఎక్కడ పెట్టావురా?" అన్నాను. "కిందే అన్నా, పైపు చాలట్లేదు" అన్నాడు. వెంటనే ఆపి పైకి రమ్మని అరిచాను. పైకొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు, తల పగిలిపోతోందన్నాడు. పొడవు చూడకుండా ఆ పైపు బండిలో వేసి పంపింది నేనే. వాడికి పని చెప్పాను గానీ ఇంజన్ ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత సంఘం ఒక నియమం పెట్టింది. ఇంజన్ ఎప్పుడూ ర్యాంపు పైన, ఆరుబయట ఉండాలి. కిందికి దిగేది నీళ్ళు లాగే సక్షన్ పైపు ఒక్కటే. మన పంపులు ఏడు మీటర్ల లోతు నుంచి నీళ్ళు లాగుతాయి, మామూలు సెల్లార్ మూడు నాలుగు మీటర్లు దాటదు. కాబట్టి ఇంజన్‌ను కిందికి దింపాల్సిన అవసరమే లేదు. పైపు పొడుగ్గా ఉండాలి, జాయింట్ల దగ్గర గాలి పీల్చకూడదు, చివర జల్లెడ ఉండాలి. సంఘం డబ్బుతో పొడుగు సక్షన్ పైపులు రెండు కొన్నాం. ఏ సభ్యుడైనా తీసుకెళ్ళవచ్చు, కడిగి, చుట్టి తిరిగి ఇవ్వాలి.

జాబ్ కార్డు

మన షెడ్లలో ఎక్కువ గొడవలు పని రాకపోవడం వల్ల కాదు, ఎవరు ఎంతవరకు చేశారో తెలియకపోవడం వల్ల వస్తాయి. ఒక సభ్యుడి దగ్గర జరిగింది చెబుతాను, ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. షామియానా వాళ్ళ జనరేటర్ సర్వీస్‌కు వచ్చింది. ఒక కుర్రాడు పాత ఆయిల్ దించి భోజనానికి వెళ్ళాడు. ఇంకొకడు వచ్చి, డ్రెయిన్ బోల్టు బిగించి ఉంది కదా, ఆయిల్ పోసే ఉంటారనుకుని ప్లగ్ మార్చి పక్కన పెట్టాడు. ఆయిల్ తగ్గితే ఇంజన్‌ను ఆపేసే సెన్సర్ వైరును ఎవరో ఎప్పుడో పీకేశారు. పెళ్ళి మండపంలో కాసేపు నడిచి ఇంజన్ పట్టేసింది. కనెక్టింగ్ రాడ్ విరిగి కేసింగ్‌కు చిల్లు పెట్టింది. అందులో పట్టే ఆయిల్ అరలీటరు పైచిలుకే. నష్టం మొత్తం షెడ్డు వాళ్ళే భరించారు.

ఇప్పుడు ప్రతి ఇంజన్‌కు హ్యాండిల్‌కు కట్టే అట్టముక్క కార్డు అచ్చు వేయించాం. ఆయిల్ దించింది ఎవరు, పోసింది ఎవరు, ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సన్నటి సందు) ఎంత పెట్టారు, సెన్సర్ వైరు ఉందా లేదా అన్నవి అందులో రాయాలి. చివర్లో హెడ్ మెకానిక్ ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తన చేత్తో తీసి చూసి సంతకం చేస్తేనే ఇంజన్ గడప దాటాలి. సంతకం చేసినవాడే జవాబు చెప్పాలి, కుర్రాడి మీదికి నెట్టకూడదు. కొందరు పెద్దవాళ్ళు దీన్ని గుమాస్తా పనిలా చూస్తున్నారు. వాళ్ళను నేను గౌరవిస్తాను, కానీ ఈ విషయంలో వెనక్కి తగ్గను. కార్డు మొదలుపెట్టాక మా షెడ్డులో కుర్రాళ్ళు తిట్లకు భయపడకుండా "అన్నా, ఇది నేనే మర్చిపోయాను" అని చెబుతున్నారు.

పెట్రోలు క్లాసు

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన దగ్గరికి వచ్చే పాత ఇంజన్లు చాలావాటికి పది శాతం దాకానే పనికొస్తుందని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. దీని మీద ఒక ఆదివారం క్లాసు పెట్టాం. గాజు కొలత జాడీలో పెట్రోలు పోసి, కొంచెం నీళ్ళు కలిపి, బాగా ఊపి పక్కన పెట్టాం. కాసేపటికి అడుగున నీళ్ళ మట్టం మనం పోసినదానికంటే పైకి వచ్చింది. ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్ళలోకి దిగిపోయింది. నెలల తరబడి వాడకుండా పెట్టిన బ్రష్ కట్టర్ ట్యాంకులో తేమ చేరితే జరిగేది ఇదే. కార్బరేటర్ జెట్‌లో తెల్లటి పొర కట్టడం అందుకే. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బేది ఇథనాల్ వల్లే. కస్టమర్‌కు మెషిన్ ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపమనండి. మనకు ఒక సర్వీస్ తగ్గుతుందేమో గానీ, ఆ మనిషి మళ్ళీ మన దగ్గరికే వస్తాడు.

సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్ చూడడం మీద కూడా ఇంకో క్లాసు జరిగింది. చాలామంది కుర్రాళ్ళు గేజ్ పట్టుకోవడం అదే మొదటిసారి. చెవితో విని సెట్ చేయగల పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ళు నేర్పకపోతే ఆ చెవి వాళ్ళతోనే పోతుంది.

కుర్రాళ్ళ సంగతి

14 ఏళ్ళ లోపు పిల్లల్ని షెడ్డులో పనికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. మన సంఘం 18 నిండనివాళ్ళను అసలు వద్దని తీర్మానించింది. ఊరి నుంచి బంధువులు పిల్లవాణ్ణి తీసుకొచ్చి బతిమాలితే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఐటీఐలో చేర్పించడానికి సంఘం సాయం చేస్తుందని వాళ్ళకు చెప్పండి.

చేతివృత్తులవాళ్ళకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం గురించి చాలామంది అడిగారు. అందులో ఉన్న 18 వృత్తుల్లో మన మెకానిక్ పని లేదు. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్‌లో మాత్రం 16 నుంచి 59 ఏళ్ళవారు, పీఎఫ్, ఈఎస్ఐ లేనివారు చేరవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్, బ్యాంకు పాస్‌బుక్ ఉంటే చాలు. ఇంకా నమోదు కాని కుర్రాళ్ళ పేర్లు హెడ్‌లు ఈ నెలలోనే నాకు ఇవ్వాలి.

ఆయుధ పూజ ఎప్పటిలాగే అందరం కలిసి చేసుకున్నాం.

మళ్ళీ వానల కాలం వస్తోంది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఉదయం సంఘం పైపులు, సభ్యుల పంపులు అన్నీ బయటికి తీసి నీళ్ళు లాగించి చూస్తాం. ఆ రోజు ప్రతి షెడ్డు నుంచి హెడ్‌తో పాటు అందరికంటే కొత్తగా చేరిన కుర్రాడు తప్పకుండా రావాలి. పంపు ఎక్కడ పెట్టాలో ఆ కుర్రాడే మనకు చూపించాలి.

మీ
కార్యదర్శి