కవరు ఎప్పుడు తెరిచారో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

అమెరికా ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో, టీవీల్లో ఒకటే కథనం. రాత్రి ముందంజలో ఉన్న అభ్యర్థి పోస్టల్ ఓట్లు కలిశాక తెల్లారేసరికి వెనకబడ్డాడని. చదివినవాడికి ఏదో గోల్‌మాల్ జరిగిందనే అనిపిస్తుంది. ఆ ఓట్లు రాత్రికి రాత్రి వచ్చినవి కావు. వాటిలో చాలా భాగం రోజుల ముందే అంది, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయంలో తాళం వేసిన గదిలో ఉన్నవే. 2026 నవంబరు 3న అక్కడ మధ్యంతర ఎన్నికలు (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో, కాంగ్రెస్ అనే అక్కడి పార్లమెంటుకు జరిగేవి) ఉన్నాయి కాబట్టి, మీ విదేశీ వార్తల విభాగానికి ఈ నాలుగు సంగతులు పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

పెన్సిల్వేనియానే తీసుకోండి. ఏ కారణమూ చూపకుండా పోస్టులో ఓటేసే హక్కును 2019లో అక్కడి శాసనసభే ఇచ్చింది. రెండు సభల్లోనూ రిపబ్లికన్లదే మెజారిటీ. సంతకం పెట్టిన గవర్నరు టామ్ వుల్ఫ్ డెమొక్రాట్. అంటే ఇద్దరూ కలిసి చేసిన చట్టం. ఆ రాష్ట్రంలో అందిన కవర్లను పోలింగు రోజు ఉదయం 7 గంటల దాకా ముట్టుకోకూడదు. 2020లో కోవిడ్ కారణంగా సుమారు 26 లక్షల బ్యాలట్లు అలా వచ్చాయి. ఒక్కో కవరుకూ ఎంత పని ఉంటుందో చూడండి. బయటి కవరు మీద ఓటరు వాంగ్మూలం, సంతకం చూడాలి. పేరు జాబితాలో సరిపోల్చాలి. బయటి కవరు కోసి, లోపలున్న రహస్య కవరును పేరు తెలియకుండా మిగతావాటిలో కలిపేయాలి. ఆ తర్వాత దాన్నీ కోసి, బ్యాలట్ మడతలు సాపు చేసి, స్కానరుకు ఇవ్వాలి. మడతలు సరిగా పోకపోతే కాగితం స్కానరులో ఇరుక్కుంటుంది. సిబ్బందిలో చాలామంది అదే రోజు పోలింగు కేంద్రాల పనిలో ఉంటారు.

ఫ్లోరిడాలో ఇదే పని పోలింగుకు మూడు వారాలకు పైగా ముందే మొదలుపెట్టనిస్తారు. అందుకే అక్కడ ఫలితం సాధారణంగా అదే రాత్రి తేలిపోతుంది. విస్కాన్సిన్ పద్ధతి పెన్సిల్వేనియా లాంటిదే. 2020లో ట్రంప్ పోస్టల్ ఓటును నమ్మొద్దని తన వాళ్లకు చెబుతూ వచ్చారు, డెమొక్రాట్లు ఎక్కువగా పోస్టులోనే వేశారు. బూత్ ఓట్లు ముందు లెక్కకొస్తే ఒక పార్టీ, కవర్లు తెరిచాక ఇంకో పార్టీ ముందుకు రావడంలో వింతేముంది? కవర్లు ముందుగా తెరవనివ్వమని పెన్సిల్వేనియా కౌంటీ అధికారులు ఏళ్ల తరబడి అడుగుతున్నా ఆ బిల్లు గట్టెక్కలేదు. అనుమానం ఎవరికి లాభమో వాళ్లకే ఆలస్యం కూడా లాభమని నా అభిప్రాయం.

2020లో పోలింగు తర్వాత అందే కవర్ల కోసం పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఇచ్చిన మూడు రోజుల అదనపు గడువు కూడా తరచూ ప్రస్తావనకొస్తుంది. అలా ఆలస్యంగా అందినవి దాదాపు 10 వేలు. వాటిని విడిగా కట్టి ఉంచారు, అధ్యక్ష ఎన్నిక లెక్కలో కలపనే లేదు. బైడెన్ ఆధిక్యం 80 వేలు దాటింది.

పోస్టల్ ఓటులో మోసమే జరగదని మాత్రం ఎవరూ రాయకూడదు. జరిగింది, దొరికింది కూడా. 2018లో నార్త్ కరోలినా 9వ కాంగ్రెస్ నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ హారిస్ 905 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్టు కనబడ్డారు. బ్లేడెన్ కౌంటీలో పోస్టులో తిరిగొచ్చిన బ్యాలట్లలో రిపబ్లికన్లుగా నమోదైనవారివి 19 శాతమే, హారిస్‌కు పడినవి 61 శాతం. అక్కడి నిబంధన ప్రకారం కవరు మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. చూస్తే అవే కొద్దిమంది పేర్లు కవరు తర్వాత కవరు మీద కనబడ్డాయి. హారిస్ ప్రచారానికి పనిచేసిన ఒక స్థానిక కార్యకర్త డబ్బిచ్చి మనుషుల్ని ఇంటింటికీ తిప్పి, నింపని బ్యాలట్లు, సగం నింపినవి పోగుచేయించాడని విచారణలో బయటపడింది. వాళ్లు తీసుకున్న జాగ్రత్తలు చూడండి. ఒక్కసారి పదికి మించి పోస్టు చేయకూడదు. ఓటరు సంతకం ఏ రంగు సిరాతో ఉంటే సాక్షి సంతకమూ అదే రంగులో ఉండాలి. స్టాంపులు తలకిందులుగా అంటించి ఎవరి కంటా పడకూడదు. ఇంత చేసినా అంకెల దగ్గర, సాక్షుల పేర్ల దగ్గర దొరికిపోయారు. రాష్ట్ర ఎన్నికల బోర్డు ఆ ఫలితాన్ని ధ్రువీకరించలేదు. 2019 సెప్టెంబరులో మళ్లీ ఎన్నిక పెట్టారు.

డెమొక్రాట్లూ తక్కువ తినలేదు. 2023లో కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ మేయరు పదవికి జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) డ్రాప్ బాక్సులో కట్టలు కట్టలుగా కవర్లు వేస్తున్న వీడియో బయటికొచ్చింది, జడ్జి ఆ ఎన్నిక కొట్టేసి మళ్లీ జరపమన్నారు. 2020 మేలో న్యూజెర్సీలోని ప్యాటర్సన్ నగర మండలిలోని ఒక వార్డు ఎన్నికకూ అదే గతి పట్టింది. ఈ మూడింటిలోనూ పోటీ చిన్నది, తేడా కొన్ని వందల ఓట్లలోనే. రాష్ట్రమంతటి ఫలితాన్ని ఇలా తిప్పాలంటే వేల కవర్లు కావాలి, ప్రతిదాని మీదా నిజమైన ఓటరు పేరు, చిరునామా, సంతకం ఉండాలి. అసలు ఓటరు వెళ్లి నా బ్యాలట్ ఏదని అడిగితే ఆట కట్టు.

జార్జియాలో ఈ మాటను పరీక్షించి చూశారు. 2020లో దాదాపు 50 లక్షల బ్యాలట్లను చేత్తో లెక్కించారు. ఫ్లాయిడ్ కౌంటీలో సుమారు 2,600 ఓట్లు మొదటి లెక్కలో చేరలేదని అప్పుడే బయటపడింది, చేర్చారు. ఇంకోసారి యంత్రాలతో లెక్కించాక బైడెన్ ఆధిక్యం 11,779 దగ్గర నిలిచింది. కాబ్ కౌంటీలో 15,118 కవర్ల సంతకాలు విడిగా తనిఖీ చేస్తే మోసం ఒక్కటీ దొరకలేదు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో ఆ రాష్ట్ర సెనేట్‌లోని రిపబ్లికన్లే ఒక ప్రైవేటు సంస్థను పెట్టి మళ్లీ లెక్క వేయిస్తే బైడెన్‌కు 99 పెరిగాయి, ట్రంప్‌కు 261 తగ్గాయి. ఇవన్నీ చేయగలిగింది కాగితం ఉంది కాబట్టే. కొలరాడోలో ప్రతి ఎన్నిక తర్వాతా ఏ బ్యాలట్లు తీసి తనిఖీ చేయాలో తేల్చడానికి పది ముఖాల పాచికలు జనం ముందే వేస్తారు. ఒక్కో అంకె చొప్పున 20 అంకెలు రాసుకుని, దాన్ని బట్టి కంప్యూటరు బ్యాలట్లను ఎంపిక చేస్తుంది. ఈ పద్ధతి రాష్ట్రమంతటా 2017లో మొదలైంది. మన టీవీల్లో దీన్ని ఒక్కసారైనా చూపించి ఉంటే బాగుండేది.

నన్నడిగితే అసలు జబ్బు ఇంకోచోట ఉంది. దొంగ ఓటు కంటే మంచి ఓటు చెత్తబుట్ట పాలవడమే ఎక్కువ. టెక్సస్ 2021లో చట్టం మార్చి, కవరు మీద డ్రైవింగ్ లైసెన్సు నంబరో సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) చివరి నాలుగంకెలో రాయమంది. ఆ గడి కవరు మూత కింద ఉండటంతో చాలామంది చూడనేలేదు. కొందరు ఓటరుగా నమోదైనప్పుడు ఒక నంబరు ఇచ్చి, ఇప్పుడు ఇంకోటి రాశారు. 2022 మార్చి ప్రైమరీలో పోస్టల్ బ్యాలట్లలో 12 శాతం దాకా తిరస్కరించారు. అంతకుముందు 2020లో దేశవ్యాప్తంగా ఆ లెక్క ఒక శాతం కూడా లేదు.

ఇది మనకు కొత్త కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 5 లక్షలకు పైగా పోస్టల్ బ్యాలట్లు పడితే, గొడవంతా ఫారం 13ఏ (బ్యాలట్‌తో పాటు ఓటరు పంపే వాంగ్మూలం) మీదే నడిచింది. అటెస్ట్ చేసిన అధికారి సంతకం ఉంది, పేరూ ముద్రా లేవు, చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల అధికారులు చెబితే వైఎస్సార్‌సీపీ హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టులు జోక్యం చేసుకోలేదు. ఇక్కడా లోపలి కవరులోని ఓటు గురించి కాదు తగువు, బయటి కాగితం గురించే.

చివరగా, మీ పత్రిక చదివే అమెరికా తెలుగువాళ్ల కోసం. అక్కడి పౌరులైతే: బ్యాలట్ మీ ఇంటికి రాగానే కవరు మీద సూచనలు చదవండి. పెన్సిల్వేనియాలో లోపలి రహస్య కవరు లేకుండా బయటి కవరులో నేరుగా పెడితే ఓటు పోతుంది. తేదీ రాయాల్సినచోట పుట్టిన తేదీ రాస్తారు కొందరు. అక్కడ ఉండాల్సింది సంతకం చేసిన రోజు. సంతకం పోల్చే కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో చిక్కు ఇంకోటి: లైసెన్సు ఆఫీసులో ఎలక్ట్రానిక్ పలక మీద గీకిన పొట్టి సంతకం, ఇంటిపేరుతో కలిపి తీరిగ్గా కాగితం మీద చేసిన సంతకం ఒకటిగా ఉండవు. లైసెన్సు మీద ఎలా ఉందో చూసి అలాగే చేయండి. తేడా ఉందని కౌంటీ నుంచి ఉత్తరమో మెసేజో వస్తే గడువులోగా సరిదిద్దుకోవచ్చు, కాబట్టి ఫోన్ నంబరు సరిగా ఇవ్వండి. వారం ముందే పోస్టు చేయండి. వీధి డబ్బాలో వేసిన రోజే తపాలా ముద్ర పడుతుందన్న హామీ లేదు. ముద్ర తేదీని బట్టి లెక్కించే రాష్ట్రంలో ఆఖరి రోజు దాకా ఆగితే పోస్టాఫీసు కౌంటరులో అడిగి చేత్తో ముద్ర వేయించుకోవాలి. పెన్సిల్వేనియాలో ముద్రతో పనే లేదు, పోలింగు రోజు రాత్రి 8 గంటల్లోపు కౌంటీకి చేరాల్సిందే.

గ్రీన్‌కార్డు మీదో హెచ్1బీ మీదో ఉన్నవాళ్లు లైసెన్సు దరఖాస్తులో ఓటరు నమోదు ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడి టిక్కు పెట్టకండి. పౌరులమని తప్పుగా చెప్పినట్టయితే దేశం నుంచి పంపించేసే దాకా పోతుంది. పొరపాటున నమోదైపోయిందని తెలిస్తే ఓటు వేయకుండా, ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా